కళ్ళేలు

మంగళవారాలు వంట నాది.
నేలిదా ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టి
బస్సు దిగి, మూడొందల మెట్లెక్కి
ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతుంది.
ఈలోగా
రాత్రి నానేసిన తెల్ల చిక్కుడు గింజలు
ముడతలు విప్పుకుని, ఉబ్బి,
గిన్నె అంచుదాకా వచ్చి నావంకే చూస్తుంటాయి.

మా వల్పరైసో కొండల మీద
ఈ కూరని కళ్ళేలేసిన చిక్కుళ్ళంటారు.
గింజలు గుర్రాలట,
వాటి మధ్య పడే స్పఘెట్టీ కళ్ళేలట.
ఎవడు పెట్టాడో ఆ పేరు,
కడుపు కాలినవాడే అయ్యుంటాడు.
లోపల పరిగెత్తేదాన్ని పట్టి నిలపడానికి
తాడు కూడా ఉడకాలని తెలిసినవాడు.

స్పఘెట్టీ విరవడం రాయెన్ హక్కు. ఏడేళ్ళు దానికి.
"ఎంత పొడుగు నాన్నా?"
"నీ చూపుడు వేలంత."
"రేపటికి నా వేలు పెరిగితే?"
"రేపు పొడుగువి తిందాం."

గుమ్మడి కోశాను.
కత్తికి పదును లేదు, గుమ్మడికి జాలి లేదు.
ఉల్లిపాయ తరిగి, నూనెలో మగ్గించి
ఎర్ర మిరపపొడి చల్లి, నల్లబడేలోపు దించాలి.
మా అత్త హెర్మీనియా కుర్చీలోంచి లేవదు,
ముక్కుతోనే వంట చేస్తుంది.
"మాడుతోంది."
మాడలేదు.
ఆమె అన్నాక మాడితే నా పరువేం కావాలి!

ఏడింటికి మంట
నీలం నుంచి పసుపుకి, పసుపు నుంచి
చిన్న దగ్గుకి దిగి
ఆరిపోయింది.
బండ ఖాళీ.
గింజ నొక్కి చూశాను:
పైన మెత్తన, లోపల సుద్దముక్క.

గ్యాసు బండి పొద్దున వచ్చింది.
కడ్డీతో బండల మీద వాయించుకుంటూ
మా సందు చివరిదాకా వెళ్ళింది.
వినలేదని అబద్ధం చెప్పను.
జీతం శుక్రవారం.

రేకు గోడకి అవతల ఉబాల్దో ఇల్లు.
రెండేళ్ళయింది మాటల్లేక.
వాన నీళ్ళు వాడి గొట్టంలోంచి మా గుమ్మంలో పడ్డాయో,
మా గొట్టంలోంచి వాడి గుమ్మంలో పడ్డాయో,
ఇప్పుడు గొట్టానికే గుర్తులేదు.
"వెళ్ళు" అంది అత్త.
"పౌరుషంతో పొయ్యి మండదు."

గిన్నెకి తువ్వాలు చుట్టి, రొమ్ముకి ఆనించుకుని
సముద్రపు గాలిలో పదకొండు మెట్లు దిగాను.
ముందు రాయెన్, పిడికిట్లో స్పఘెట్టీ
వెలిగించని కొవ్వొత్తుల్లా పట్టుకుని.

ఉబాల్దో తలుపు తీశాడు.
గిన్నెని చూశాడు. నన్ను చూడలేదు.
వాడి పొయ్యి మీద
చెంబంత గిన్నెలో ఒక్కటంటే ఒక్క గుడ్డు
అటూ ఇటూ కొట్టుకుంటూ ఉడుకుతోంది.
దాన్ని దించి పక్కన పెట్టాడు.

చాలాసేపటికి అడిగాడు:
"గుమ్మడి ఎప్పుడేస్తావు?"
"గింజ మెత్తబడ్డాక."
"మా ఓల్గా ముందే వేసేది.
కరిగి పులుసంతా చిక్కబడేది."

వేసేది.
చిక్కబడేది.
ఆ రెండు మాటలూ విని గది చూశాను.
కొక్కేనికి ఒకటే కోటు.
మార్చి నుంచీ ఆంతోఫగాస్తాలో ఉందట, ఇక రాదట.
మార్చి నుంచీ!
మా మధ్య ఉన్నది ఒక్క రేకు.
వాడు తుమ్మితే మా ఇంట్లో వినిపిస్తుంది.

నేనేమీ అనలేదు.
ఏమనాలో తెలిసినవాడు కూడా
అప్పుడు గరిటే తిప్పుతాడనుకుంటా.
గుమ్మడి ముక్కలు అప్పుడే వేసేశాను.
రాయెన్ వాడి గుడ్డు వలిచి
సగం వాడికిచ్చి, పచ్చసొన ఉన్న సగం తను తినేసింది.
ఆఖర్న కళ్ళేలు వేసింది,
ఒక్కొక్కటీ, పేర్లు పెట్టి.

తిరిగి మెట్లెక్కేటప్పుడు
గిన్నె రెండు గరిటెలు తేలిక.

తొమ్మిదింటికి నేలిదా వచ్చింది.
సబ్బు వాసన చేతులతో రొట్టె తుంచి,
పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని ఆగింది.
అత్త ముక్కు ఎగబీల్చింది గానీ
ఈసారికి ఏమీ అనలేదు.
"ఇంత చిక్కగా ఎప్పుడూ రాలేదే,
ఏం చేశావు?"

గుమ్మడి ముందే వేశాను, అన్నాను.